పంచాయతి శాసనమున కర్తృవిచారము

ఆంధ్రభాషయందు శాసనశబ్దమునకు రెండర్థములు ప్రసిద్ధములు. ఱాతిమీదనో రాగిరేకుమీదనో చెక్కిన దానలేఖనము ఒకటి. ప్రభుత్వము ప్రజలకు విధించిన చట్టము రెండవది. మొదటిదానిని చదువు పద్ధతి పరిశోధకులకు కరతలామలకము. దాత యెవరు? ప్రతిగ్రహీత యెవరు? దత్తమైన దేమి? ఎల్లలెవ్వి? సాక్షులెవరు? ధర్మమును చెఱచినవానికి గతి యేమి? ఈ యాఱు ప్రశ్నలకును సమాధానము దొరకినగాని శాసనపాఠము తీఱినట్లు వారెంచరు. రెండవదానిని మాత్రము న్యాయవాదులకు విడిచి సాహిత్యవేత్తలు దూరముగ నుందురు. ఇందులకు కారణము కానరాదు. చట్టమును వాక్యసముదాయమే. దానికిని కర్త, కర్మ, క్రియ కలవు. ఏ వాక్యమున ఎవరు కర్తగా నిలిచిరో, ఎవరు కర్మగా మిగిలిరో చూచుట పండితుని పనియే గాని వేఱొకరిది గాదు.

2018వ సంవత్సరపు తెలంగాణ పంచాయతిరాజ్ చట్టమును, దానికి మూలమగు 73వ రాజ్యాంగసవరణమును ఈ దృష్టితో పరిశీలించుటకు నిజామాబాదు జిల్లా మోర్తాడ్ ప్రాంతము మిగుల తగియున్నది. ఏలయన, అచ్చట లిఖితమగు శాసనము ప్రక్కనే అలిఖితమగు శాసనము మఱియొకటి నడచుచున్నది. నిజామాబాదునుండి ఆర్మూరుమీదుగా జగిత్యాలకు పోవు రాజమార్గముపై నున్న మోర్తాడును, దాని చుట్టునున్న పల్లెలును పసుపునకు, మొక్కజొన్నకు, ఎఱ్ఱజొన్నకు పేరొందినవి. ఊరు కూడి పని చేయుట ఈ సీమ రైతులకు వెన్నతో పెట్టిన విద్య. 2019 లోకసభ ఎన్నికలయందు నిజామాబాదు స్థానమునకు 185 మంది అభ్యర్థులు నిలువగా వారిలో 178 మంది రైతులే యగుట దేశమంతట వింతగా చెప్పుకొనబడెను. పసుపునకు తగిన ధరయు, పసుపు బోర్డును కావలెనని వారు చేసిన నిరసన మది. ఇంతటి కూడికశక్తి గల సీమయందు పంచాయతి యేల బలహీనముగ నున్నది? ఈ ప్రశ్నకు సమాధానము రైతుల స్వభావమున దొరకదు, శాసనపాఠమున వెదుకవలసియున్నది.

మొదట మూలపాఠము. 73వ సవరణము 1992 డిసెంబరున పార్లమెంటు ఆమోదమును పొంది 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చెను. ఉత్వసంధి నిత్యమనియు, ఏమ్యాదులయందు ఇత్వసంధి వైకల్పికమనియు పాఠశాలలోని బాలురు సైత మెఱుగుదురు. రాజ్యాంగపు 243వ అధికరణమును, దాని శాఖలను ఈ నిత్యవైకల్పిక భేదముతో చదివినచో ఒక విశేషము బయల్పడును. ప్రతిరాష్ట్రమునను పంచాయతు లేర్పడవలయును: ఇది నిత్యము. స్త్రీలకును, షెడ్యూల్డు కులములకును, తెగలకును స్థానములు ప్రత్యేకింపవలయును: నిత్యము. అయిదేండ్ల గడువు తీఱకమునుపే ఎన్నిక ముగియవలయును: నిత్యము. అయిదేండ్లకొకమాఱు రాష్ట్ర ఆర్థికసంఘము ఏర్పడవలయును: ఇదియు నిత్యమే. ఇక అధికారముల మాట. స్వపరిపాలనకు తగిన అధికారములను రాష్ట్రశాసనసభ పంచాయతుల కీయవచ్చును. పన్నులు విధించు హక్కు నీయవచ్చును. లెక్కలు వ్రాయుటకును, వానిని తనిఖీ చేయుటకును నియమములు చేయవచ్చును. గ్రామసభ కేయే పనులు చెల్లునో చెప్పవచ్చును. ఇవన్నియు వైకల్పికములు. పదునొకండవ అనుబంధమున వ్యవసాయము మొదలుకొని సామాజికపుటాస్తుల సంరక్షణము వఱకు 29 విషయములు వరుసగ పేర్కొనబడినవి. అది దానపత్రము కాదు. దానము చేయదలచినచో పరిశీలింపదగిన వస్తువుల పట్టిక మాత్రమే.

స్థానికపాలనము రాష్ట్రజాబితాలోని విషయము గావున కేంద్రము అంతకుమించి శాసింపజాలదను సమాధానము కలదు. అది న్యాయమే. అయినను వైకల్పికమును ఎట్లు చదువవలెనన్నది చదువువాని చిత్తవృత్తిని తెలుపును. 1996లో కేరళరాష్ట్రము ప్రజాప్రణాళికోద్యమము పేర ప్రణాళికాధనమున మూడవవంతునకు మించిన భాగమును స్థానికసంస్థలకు అప్పగించెను. అచ్చటి పాఠమును ఇచ్చటి పాఠమును ఒక్కటే; పఠనము వేఱు.

వైకల్పికము నట్లుంచి నిత్యమైనను నిలిచినదా యని చూడవలెను. తెలంగాణమున గ్రామపంచాయతులకు 2019 జనవరిలో ఎన్నికలు జరిగెను. 2024 ఫిబ్రవరి ఆరంభమున వాని గడువు తీఱెను. నాటినుండి 2025 డిసెంబరులో మూడు విడతలుగ ఎన్నికలు జరుగువఱకు, రమారమి యిరువదిరెండు నెలలు, ప్రత్యేకాధికారులే పంచాయతులను నడపిరి. మోర్తాడ్ మండలపు పల్లెలును ఇందుకు మినహాయింపు గావు. వెనుకబడిన తరగతులకు నూటికి 42 వంతుల స్థానములు కేటాయింపవలెనను ప్రభుత్వోత్తర్వుపై 2025 అక్టోబరులో ఉన్నతన్యాయస్థానము నిలుపుదల విధించుటయు, తుదకు మొత్తము కేటాయింపులు సగమునకు మించని పద్ధతిని ఎన్నికలు జరుగుటయు అందఱెఱిగినవే. కేటాయింపుల వివాదము అల్పమైనది గాదు; ఆ తరగతుల కోరిక న్యాయసమ్మతమని వాదించువారిని కాదనుట యీ విమర్శకు విషయమును గాదు. అయితే గడువునకు ముందు తీర్పవలసిన చిక్కును గడువు గడచిన పిమ్మట చేపట్టిన దోషము మాత్రము మిగిలియున్నది. అవిభక్త ఆంధ్రప్రదేశమున 2011 మొదలు 2013 వఱకును ఇట్లే జరిగెను. రెండుమాఱులు తప్పిన సూత్రమును నిత్యమని బోధించుట బడిపంతులకు కష్టము.

దీని ఫలము ధనమున కనబడెను. కేంద్ర ఆర్థికసంఘపు గ్రాంటులు ఎన్నికైన పాలకవర్గముల కుద్దేశింపబడినవి. పాలకవర్గము లేని యూరికి ఆ ధనము రాదు. ఊరివారు చేసిన తప్పేమియు లేదు. ఎన్నిక జరుపవలసినది వారు గాదు. అయినను మోరీ తీయక దుర్గంధ మెత్తినది వారి వీథియే, వెలుగని దీపస్తంభము వారి వాకిటిదే. వాక్యమున దోషము కర్తది, ఫలము కర్మది.

పంచాయతి ధనమును గూర్చి కొంత విస్తరింపక తప్పదు. రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో ప్రకటించిన పరిశీలనము ననుసరించి దేశమందలి పంచాయతుల ఆదాయమున సొంతపన్నులవలన వచ్చునది నూటికి 1.1 వంతు మాత్రమే. కేంద్రపు గ్రాంటులు రమారమి 80 వంతులు, రాష్ట్రపు గ్రాంటులు 15 వంతులు. 15వ ఆర్థికసంఘము 2021 మొదలు 2026 వఱకు గ్రామీణసంస్థలకు కేటాయించిన గ్రాంటులందును నూటికి 60 వంతులు త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు కట్టుపడినవి. త్రాగునీరు అక్కఱలేదని యెవరు నందురు? చిక్కు మఱియొకచోట నున్నది. తన సొమ్ము కాని దానిని వ్యయపఱచు సర్పంచి తన ఊరివారికి లెక్క చెప్పవలెనను తలంపు సహజముగ పుట్టదు, సొమ్మిచ్చినవానికి చెప్పును. పన్ను కట్టని పౌరుడును అడుగుటకు సంకోచించును. కట్టినవాడే గట్టిగ నడుగును.

పూర్వము సొంతరాబడి మార్గములు లేకపోలేదు. 1994 నాటి పంచాయతిరాజ్ చట్టమున ఇంటిపన్నుతోపాటు కొలగారము, కాటారుసుము అను రెండు పదములు కానవచ్చును. ఇవి నిఘంటుకారులు శ్రద్ధతో గ్రహింపదగిన మాటలు. కొలుచు ధాతువునుండి కొలగారము వచ్చెను. కాటా, రుసుము అను రెండును అన్యదేశ్యములు కలిసి రెండవది యయ్యెను. ఊరిలో పండిన వస్తువు ఊరిలోనే కొలతకు, తూకమునకు, లెక్కకు అమ్ముడుపోవునపుడు పంచాయతి గ్రహించు పన్ను అని భావము. ఒకటి తెలుగుమాట, ఒకటి అంగడిమాట. రెండును చట్టమున ప్రక్కప్రక్కన నిలిచి, పల్లెసంత చిత్రమును కన్నులకు గట్టుచున్నవి. అయితే మోర్తాడ్ చుట్టుపట్ల పండు పసుపు ఊరిలో కొలువబడదు. అది బండ్లకెక్కి నిజామాబాదు మార్కెట్టు యార్డునకు పోవును. అచ్చట 1966 నాటి మార్కెట్టుల చట్టము ననుసరించి వ్యవసాయ మార్కెట్టు కమిటీ రుసుము గ్రహించును. పంట పల్లెది, కాటా పట్టణముది. కొలగారము చట్టమున పదముగ మిగిలినది; పదార్థము జాఱిపోయినది. దీనిని పూరించుటకు మార్కెట్టు రుసుమున పండించిన యూరికి భాగ మీయవలెనను వాక్యము 2018 చట్టమున చేరియుండినచో పసుపుసీమకు న్యాయము జరిగియుండెడిది.

ఇక 2018 చట్టము. దీని గుణములు చెప్పక దోషములు చెప్పుట విమర్శధర్మము గాదు. అయిదువందల జనాభా గల తండాలను, గూడెములను ప్రత్యేకపంచాయతులుగ జేసి పంచాయతుల సంఖ్యను 12,700 దాటించెను. గ్రామసభ రెండునెలలకొకమాఱైనను కూడవలెనని విధించెను. స్థానములందు సగము స్త్రీలకిచ్చెను. చెక్కుపై సర్పంచితోపాటు ఉపసర్పంచియు సంతకము చేయు పద్ధతిని తెచ్చెను. ఇది ఇరువురికిని పొసగనిచోట పనులను నిలిపివేసినను, ఒంటిచేతి వ్యయమును అరికట్టినమాట వాస్తవము. సర్పంచికి అస్పష్టముగ నుండిన విధులను స్పష్టపఱచెను. ఇవన్నియు మెచ్చదగినవే.

అయితే వాక్యనిర్మాణమును పరికింపుడు. సర్పంచియు పంచాయతియు కర్తలుగ నున్న వాక్యములందు క్రియ తఱచుగా విధి. మొక్కలు నాటవలయును, నాటినవానిలో నూటికి 85 బ్రదికింపవలయును, ఆదాయవ్యయపట్టికలో పదియవవంతు పచ్చదనమునకు వేఱుపఱుపవలయును, వీథులు ఊడ్పింపవలయును. కలెక్టరు కర్తగ నున్న వాక్యములందు క్రియ అధికారము. ముప్పదియేడవ విభాగము ననుసరించి ఆయన సర్పంచిని తాత్కాలికముగ తప్పింపవచ్చును, తొలగింపవచ్చును. గ్రామసభ కర్తగ నున్న వాక్యము లెట్టివి? గ్రామసభ చర్చించును, పరిశీలించును, సూచించును, ఆమోదించును. తొలగించును అను క్రియకు గ్రామసభ కర్త గాదు. కావున సర్పంచి భయపడవలసిన దెవరికి? తనకు ఓటు వేసినవారికి గాదు, వేయని కలెక్టరునకు. జవాబుదారీ యనునది యున్నది గాని అది మీదికి పోవుచున్నది. ఊరివైపు రావలసినదారిలో లేదు. చెట్లు ఎండినందులకు సర్పంచి పదవి పోవచ్చును. ఊరివారికి లెక్క తెలియనందులకు పోయిన ఉదాహరణము వెదుకవలసియుండును.

2019 సెప్టెంబరులో మొదలైన పల్లెప్రగతి యీ వాక్యరీతికి ఆచరణరూపము. రాష్ట్రప్రభుత్వము నెలకు 339 కోట్ల రూపాయలను పంచాయతులకు విడుదల చేయ నిశ్చయించెను. కొంతకాల మది క్రమముగ నడచెను. ప్రతిపంచాయతికి ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు; ప్రతియూర నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామము, ప్రకృతివనము. వీథులు పరిశుభ్రములైనవనుటలో సందేహము లేదు. ఆ ట్రాక్టరునకు వాయిదాలు కట్టినది మాత్రము పంచాయతియే. చిన్నయూరికి ట్రాక్టరు కావలెనా, లేక అద్దెకు తెచ్చుకొనుట మేలా యను విషయమును ఆ యూరి గ్రామసభ నిర్ణయింపలేదు. దానము ఇచ్చి, దాని వ్యయమును ప్రతిగ్రహీతపై నుంచిన దాత పూర్వశాసనములలో అరుదు.

ఇంతకంటె గాఢమైన దోషము భాషయందున్నది. తెలుగునకు కర్మణి ప్రయోగము సహజము గాదని పెద్దలు పలుమాఱులు చెప్పియున్నారు. అయినను ప్రభుత్వపు తెలుగు దానితోనే జీవించుచున్నది. నిధులు విడుదల చేయబడును. బిల్లులు పరిశీలింపబడుచున్నవి. ఖాతాలు స్తంభింపజేయబడినవి. ఎవరిచేత? వాక్యము చెప్పదు. 2023, 2024 సంవత్సరములలో రాష్ట్రమందలి సర్పంచులు అప్పులు తెచ్చి చేసిన పనులకు బిల్లులు రాక కలెక్టరు కార్యాలయముల ముందు బైఠాయించిరి. వడ్డీలు పెరిగి ఆస్తు లమ్ముకొన్నవారును గలరు. వారికి దొరకిన సమాధానము, బిల్లు పెండింగులో నున్నదని. ఈ వాక్యమున బిల్లే కర్త! అది తనంతట తాను పోయి ఖజానాకార్యాలయమున కూరుచుండెను గాబోలు. ఎవరు ఆపిరో తెలిసినచో ఆపినవాని నడుగవచ్చును. కర్తృలోపము గల వాక్యమును ఎవ రడుగగలరు?

ఇట్లు లిఖితశాసనము ఊరిని కర్మగ నిలిపినచోట, ఊరు తనకు తానే వేఱొక శాసనమును కల్పించుకొనెను. అదియే మోర్తాడ్, ఆర్మూరు, బాల్కొండ సీమలందును, గోదావరి కావలనున్న నిర్మలు ప్రాంతమునందును, జగిత్యాల ప్రాంతమునందును కొన్ని దశాబ్దములుగ నడచుచున్న గ్రామాభివృద్ధి కమిటీ. జనులు దీనిని వీడీసీ యందురు. ఊరిలోని కులసంఘములనుండి పెద్దలు ఇందులో సభ్యులగుదురు. కొన్నిచోట్ల ఏటేట మాఱుదురు. ఊరికి వచ్చు రాబడులను ఈ కమిటీ హర్రాజు వేయును. చెఱువుచేపలు, కోళ్ల అంగడి, మాంసపుటంగడి, వాగు ఇసుక మొదలైనవి. వచ్చిన సొమ్ముతో గుడి కట్టుదురు, బడికి గోడ పెట్టుదురు, దారి వేయుదురు. పంచాయతియందు నెలలు పట్టు పని ఇచ్చట వారములో ముగియును. ఆర్మూరు దగ్గఱ నున్న అంకాపూరు విత్తనపు సేద్యమునకును, కూరగాయల వాణిజ్యమునకును దేశమంతట పేరొందుటయందు ఆ యూరి కమిటీ కట్టుబాటునకు భాగమున్నదని చూచినవారెల్ల నొప్పుకొందురు. కనుక వీడీసీని కేవలము దుష్టసంస్థ యని త్రోసివేయుట తొందరపాటు. పంచాయతికి లేని ఆర్థికస్వాతంత్ర్యము దీనికి గలదు. తన సొమ్మును తానే ఆర్జించి తానే వ్యయపఱచును. ఖజానా అనుమతి అక్కఱలేదు.

కాని యీ స్వాతంత్ర్యమునకు చెల్లించు మూల్యమేమి? చట్టవిరుద్ధములగు మద్యపు బెల్టుదుకాణముల హక్కును సైతము హర్రాజు వేసిన యుదంతములు వార్తాపత్రికలలో పలుమాఱులు వెలువడినవి. కమిటీ కట్టడిని మీఱినవానికి జరిమానా, కట్టనివానికి సాంఘికబహిష్కారము. ఆ కుటుంబముతో మాటాడరాదు, కూలికి పోరాదు, అంగడిలో సరకీయరాదని డప్పుతో చాటింపు వేసినట్లు పోలీసులయొద్ద కేసులు నమోదైనవి. ఒక్క కుటుంబమే గాక, ఒక్కొక్కచోట ఒక కులమునకు కులమే వెలియైనది. కల్లు ధర యెంతుండవలెను, మంగలి కూలి యెంత, చాకలి రేవు ఎవరిది యను విషయములందు వృత్తికులములవారికిని కమిటీకిని తగవు వచ్చినపుడు బహిష్కారము వారి పొట్టమీదనే పడును. తెలంగాణమునకు పొరుగుననున్న మహారాష్ట్రము 2016లో సాంఘికబహిష్కారమునే ప్రత్యేకనేరముగ నెంచి చట్టము చేయుట యిచ్చట స్మరింపదగినది.

వీడీసీ భాషను గమనింపుడు. కమిటీ తీర్మానించినదని సాధారణముగ ననరు; ఊరు తీర్మానించినదందురు. ఊరు కట్టడి చేసినది, ఊరు జరిమానా వేసినది, ఊరు కాదన్నది. ప్రభుత్వపు తెలుగు కర్తను లోపింపజేసి దాచును. కమిటీ తెలుగు కర్తను ఊరంత పెంచి దాచును. రెండింట ఫలమొక్కటే. అన్యాయము జరిగినవాడు వేలెత్తి చూపుటకు మనిషి దొరకడు. ఆ ఊరు అను పదములో తానును ఉండవలసినవాడే, బహిష్కృతుడు; అతనిని మినహాయించి మిగిలినదానికి ఊరని పేరు పెట్టుట అవ్యాప్తిదోషమని తార్కికు డనును. మఱియు ఆ ఊరిలో స్త్రీలు లేరు. పంచాయతియందు సగము స్థానములు స్త్రీలవి. కమిటీలయందు పురుషపెద్దలే కానవత్తురు. దళితుడు సర్పంచిగ నున్న యూర కమిటీయే పెత్తనము చేయుచున్నపుడు కేటాయింపుల నిత్యసూత్రము కాగితముమీద నిలిచి, కచ్చేరియందు పడిపోవుచున్నది. పదవి ఒకచోట, ధనము వేఱొకచోట నుండుటవలని కీడు ఇదియే.

పూర్వకాలమున గ్రామసభలు స్వర్ణయుగములో నుండెననియు, వీడీసీ దానికి వారసురాలనియు గొందఱు వాదింతురు. శాసనపరిశోధకులు ఈ వాదమును తూచి చూడవలెను. తమిళదేశపు ఉత్తరమేరూరున పదియవ శతాబ్దపు మొదటిపాదమున, మొదటి పరాంతక చోళుని కాలమున చెక్కిన శాసనములు గ్రామసంఘముల ఎన్నికను వర్ణించుచున్నవి. ఓలలపై పేర్లు వ్రాసి కుండలోవేసి బాలునిచేత తీయించు పద్ధతి అందఱికిని తెలిసినదే. తెలిసినంతగ స్మరింపబడని విశేష మింకొకటి గలదు. సంఘమున పనిచేసి లెక్క లొప్పగింపనివాడు మరల సంఘమునకు అనర్హుడు. అతని దగ్గఱి బంధువులును అనర్హులు. లెక్కకు ఇంతటి గౌరవము! కాని అదే శాసనమున సభ్యత్వమునకు భూమియు, సొంతగృహమును, వేదవిద్యయు అర్హతలు. అది బ్రాహ్మణగ్రామము; ఇతరుల కచ్చట ప్రవేశము లేదు. కావున ఉత్తరమేరూరునుండి గ్రహింపదగినది లెక్కనియమము, విడువదగినది సభ్యనియమము. వీడీసీ సరిగా దీనికి విపరీతముగ జేసినది. కులపెద్దరికమును గ్రహించి లెక్కను విడిచినది.

తెలుగునేలపై మఱియొక నిదర్శనము కలదు. 1244 ప్రాంతమున కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము ఓడవర్తకులకు సుంకమును ముప్పదింట నొకవంతుగ నిర్ణయించి, అంతకుమించి గ్రహింపమని మాట యిచ్చినది. ఇచ్చువాడు రాజు, పేరు స్పష్టము, రేటు స్పష్టము, ఱాయి రేవుననే నిలిచినది, పన్ను కట్టువాడు చదువుకొనునట్లు. ప్రభువు తన్ను తాను కట్టుకొనిన వాక్యములో తన్ను కర్తగ చెప్పుకొనినాడు. మోర్తాడ్ సీమ పల్లెలలో నేటి హర్రాజు సొమ్మునకు ఇట్టి ఱాయి యేదియు లేదు. పాట ఎంతకు పోయినదో ఆనాడు అచ్చటనున్నవారికి తెలియును. సంవత్సరాంతమున మిగిలినదెంతో కమిటీ పుస్తకమునకు తెలియును. ఆ పుస్తకమును తనిఖీ చేయు అధికారి లేడు, అడుగుటకు చట్టము లేదు.

సంఘములు పంచాయతికి బయటనే యుండవలెనను నియమము లేదని చూపుటకు వరంగల్లు ప్రాంతపు గంగదేవిపల్లి చాలును. 1994లో వేఱుపంచాయతి యైన ఆ చిన్నయూర త్రాగునీరు, పారిశుద్ధ్యము మొదలైన పనులకు సంఘము లనేకము లేర్పడెను. ఇంటిపన్ను పూర్తిగ వసూలగుట, మద్యనిషేధము, నీటికి తామే రుసుము నిర్ణయించుకొనుట, వీనికై దూరదేశములనుండి చూపఱులు వచ్చుచుండిరి. అచ్చటి సంఘములు పంచాయతి నీడన పెరిగినవి. వాని లెక్క గ్రామసభ ముందునకు వచ్చినది. అంకాపూరు కట్టుబాటునకును గంగదేవిపల్లి కట్టుబాటునకును శ్రమయందు భేదము లేదు. లెక్క యెచ్చట విప్పబడునన్నదే భేదము.

బోధను కథ ఇచ్చట ఒకమాట చెప్పుకొనదగును. మంజీరపై నిజాంసాగరము 1931లో ముగిసిన పిమ్మట చెఱకుసేద్యము పెరిగి, 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. షక్కర్‌నగరము దానిచుట్టు పుట్టినది. కార్మికులకు ఇల్లిచ్చినదియు, చెఱకురైతునకు రొక్కమిచ్చినదియు కర్మాగారమే. ఊరి బ్రదుకును పురపాలకసంఘముకంటె అదియే ఎక్కువగ శాసించెను. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయి, 2015 డిసెంబరులో మూతపడెను. ఎన్నుకొనబడని సంస్థ ఊరికి అన్నము పెట్టినంతకాలము ఎవరును లెక్క యడుగరు. అది పోయిననాడు అడుగుటకు మనిషి మిగులడు. వీడీసీని మెచ్చువారు బోధనువైపు ఒకమాఱు చూచుట మంచిది.

ఇప్పుడు మొదటి యాఱు ప్రశ్నలను పంచాయతి శాసనమునకు వేయవచ్చును. దాత రాష్ట్రప్రభుత్వము. ప్రతిగ్రహీత పంచాయతి. దత్తమైనవి విధులు నిండుగ, నిధులు కొఱతగ. ఎల్లలు చింతచెట్టు, పుట్ట, వాగు అని పూర్వశాసనములవలె ఊరివారు చూపునవి గావు. ఎనిమిదవ అనుబంధమున ఊళ్ల పేర్లు కలవు, వానిని మార్చవలెనన్నచో శాసనసభయే సవరణ చేయవలెను. శాపము ముప్పదియేడవ విభాగము. అది ప్రతిగ్రహీతపైననే గాని దాతపై లేదు. పూర్వశాసనములలో ధర్మమును చెఱచిన రాజునకును నరకము తప్పదని వ్రాసెడివారు. గడువునకు ఎన్నిక జరుపని ప్రభుత్వమునకు, బిల్లు నాపిన కార్యాలయమునకు ఈ చట్టము ఏ నరకమును చెప్పదు. ఇక సాక్షులు. సాక్షి గ్రామసభ. రెండునెలలకొకమాఱు కూడు సాక్షికి చూచుటకు ధనము అంతయు ఎదుట నుండవలెను. పంచాయతి ధనమొక పుస్తకమున, కమిటీ ధనమొక పుస్తకమున నున్నచో సాక్షి సగమే చూచును.

కావున చట్టమునకు కావలసిన సవరణ దీర్ఘమైనది గాదు. ఒకటి: గ్రామము పేర, లేక గ్రామపు సామాన్యవస్తువులవలన ధనమును గ్రహించు నేసంఘమైనను ఆ ధనమును పంచాయతి ఖాతాలో జమకట్టి, వ్యయపు లెక్కను గ్రామసభ ముందు చదువవలయును. రెండు: అట్లు జమయైన ధనమును ఖజానా నిలుపరాదు, నిలిపినచో నిలిపిన యధికారి పేరును కారణమును గ్రామసభకు వ్రాతమూలకముగ తెలుపవలయును. మొదటివాక్యమువలన ఊరు అను పదము వెనుక నున్న పెద్దలు బయటికి వత్తురు. రెండవదానివలన చేయబడును అను క్రియ వెనుక నున్నవాడు బయటికి వచ్చును. రెండవది లేక మొదటిది మాత్రము చేసినచో కమిటీలు తమ సొమ్మును పంచాయతి ఖాతాలో వేయుటకు వెనుదీయుట సహజము, తప్పును గాదు. స్తంభించు ఖాతాలో సొమ్ము వేయు రైతు ఎచ్చటను లేడు. బెల్టుదుకాణపు పాటకు మాత్రము ఏ ఖాతాయందును చోటు లేదు. లెక్క గ్రామసభలో చదువవలసి వచ్చిననాడు ఆ పద్దు దానంతట మాయమగును.

2025 డిసెంబరులో ఎన్నికైన పాలకవర్గములు ఈ సీమయందును పనికి పూనుకొన్నవి. కట్టిన ఇంటిపన్నెంత, వచ్చిన గ్రాంటెంత, హర్రాజు పాట యెంత అను మూడు పద్దులను ఒక్క పలకపై వ్రాసి పంచాయతి వాకిట నిలుపుటకు వారు చట్టసవరణకై ఎదురుచూడ నక్కఱలేదు. మూడవపద్దును వ్రాయించుటకు మాత్రము సర్పంచికి కమిటీపెద్దలతో మాట పడవలసివచ్చును.